బాజిల్డన్ పార్క్: పోర్టికో వెనుక ఉన్న ఇల్లు

సంపాదకులు గారికి,

అయ్యా,

ఇంగ్లండ్ పల్లెసీమల్లోని జార్జియన్ భవనాల (జార్జి రాజుల కాలం నాటివి) గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఇలాంటి విషయానికి ఒక తెలుగు పత్రిక పూర్తి పేజీ కేటాయించడం అరుదు కనుక ముందుగా నా అభినందనలు. అయితే బర్క్‌షైర్‌లోని బాజిల్డన్ పార్క్‌ను ఉదాహరణగా తీసుకున్న ఆ వ్యాసం దాని ముందరి నాలుగు స్తంభాల మండపం (పోర్టికో) దగ్గరే ఆగిపోయింది. ఆ ఇంటి గొప్పతనమంతా ముఖభాగంలోనే ఉందనీ, ‘లిస్టెడ్’ హోదా (చట్టం కాపాడే చారిత్రక భవనాల జాబితాలో చోటు) అంటే ఆ ముఖభాగాన్ని గోడకు తగిలించిన పటంలా కదపకుండా ఉంచడమేననీ పాఠకులకు తోచేలా రాశారు. ఏళ్ల తరబడి వాస్తుశిల్పం బోధించినవాణ్ణి కనుక ఈ అభిప్రాయాన్ని చూసీ చూడనట్టు వదిలేయలేకపోతున్నాను. జార్జియన్ ఇంటి నిర్మాణ విశేషం స్తంభాల్లో కన్నా ఆ ఇంటినంతటినీ ఒక్క తాటి మీద నడిపించే కొలతలో ఉంది. చట్టం కాపాడాలని చూసేది కూడా ఆ కొలతనూ, దాన్ని మోస్తున్న అసలు రాయినీ, కర్రనూ, గాజునూ, సున్నాన్నీ.

బాజిల్డన్ పార్క్‌ను కట్టించినది సర్ ఫ్రాన్సిస్ సైక్స్. ఈస్టిండియా కంపెనీ కొలువులో బెంగాల్‌లో ధనం గడించి స్వదేశానికి తిరిగి వెళ్లాక 1771లో ఈ ఎస్టేటును కొన్నాడు. 1776 నుంచి 1783 వరకు ఇంటి నిర్మాణం సాగింది. దాని రూపశిల్పి యార్క్‌షైర్‌కు చెందిన జాన్ కార్. కార్ రాతిపనివారి ఇంట పుట్టి, ఆ పని చూస్తూ పెరిగి, ఉత్తర ఇంగ్లండ్‌లో పేరు మోసిన వాస్తుశిల్పి అయ్యాడు. థేమ్స్ లోయ వైపు వాలిన నేల మీద, నది కనబడేటంత ఎత్తున, మూడంతస్తుల ప్రధాన భవనం నిలబడి ఉంటుంది. దానికి ఇరుపక్కలా, కొంచెం ఎడంగా, పొట్టిగా రెండు పార్శ్వ భవనాలున్నాయి. వాటినీ ప్రధాన భవనాన్నీ కిటికీలు లేని గోడలు కలుపుతాయి. వంటలు, చాకిరేవు, పాడి పనులన్నీ ఆ పార్శ్వ భవనాలలోనూ, ఆ గోడల చాటునున్న ముంగిళ్లలోనూ సాగిపోయేవి కనుక, బండి దిగి ఎదురుగా నడిచి వచ్చే అతిథికి పొగ గాని, బిందెల చప్పుడు గాని తగిలేది కాదు. దూరం నుంచి చూసేవారికి మాత్రం ఈ అయిదు భాగాలూ కలిసి ఒకే విశాలమైన భవనంలా కనిపిస్తాయి. ఇంటి చాకిరీని దాచడం, ఇంటిని ఉన్నదానికన్నా పెద్దదిగా చూపించడం అనే రెండు పనులనూ ఒక్క ఏర్పాటుతో నెరవేర్చిన తీరు గమనించదగ్గది.

వ్యాసంలోని ఫొటోలో కనబడని విషయం మరొకటి ఉంది. ఇంతటి ఇంటికి ఎదురుగా పెద్ద మెట్ల వరుస ఉండాలని ఎవరైనా అనుకుంటారు. ఆ కాలపు అనేక భవనాలకు ఉంది కూడా. బాజిల్డన్‌లో అలాంటిదేమీ కనబడదు. కింది అంతస్తులో, లోతైన గాడులు తీసిన రాతి గోడలో, కమానులు మాత్రమే ఉంటాయి. కమాను దాటి లోపలికి వెళితే, అక్కడ చాటుగా అటూ ఇటూ మెట్లున్నాయి. అవి ఎక్కిన మనిషి హఠాత్తుగా స్తంభాల మధ్యకు, మళ్లీ బయటి గాలిలోకి వస్తాడు. ఎందుకంటే ఆ పోర్టికో ఇంటి నుంచి ముందుకు పొడుచుకు వచ్చినది కాదు, గోడలోకి వెనక్కు తొలిచినట్టున్న మండపం. కింద చీకటి, మెట్ల మలుపు, పైన నాలుగు అయోనిక్ (తలభాగంలో సుడులుండే గ్రీకు పద్ధతి) స్తంభాల నడుమ నుంచి తెరుచుకున్న పచ్చిక బయలు, ఆ తర్వాత హాలు తలుపు: ఈ వరుసను కాళ్లతో నడిచి తెలుసుకోవలసిందే. ఎదురుగా నిలబడి తీసిన ఫొటోలో అది చదునైన బొమ్మగా మిగిలిపోతుంది. ఇంగ్లండ్‌లో ఈ కాలపు ఇళ్లలో ఇంతకన్నా పెద్దవీ, ఖరీదైనవీ చాలానే ఉన్నాయి గాని, ఇంత పొదుపుగా ఇంత ప్రభావం సాధించిన ప్రవేశం బహు కొద్ది ఇళ్లకే ఉందని నా అభిప్రాయం.

ఇక కొలత సంగతి. ఈ ఇళ్లకు మూలపురుషుడు ఇటలీకి చెందిన ఆండ్రియా పల్లాడియో. 1570లో వెనిస్‌లో అచ్చయిన అతని వాస్తుగ్రంథం నాలుగు భాగాలూ పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో ప్రభువుల గ్రంథాలయాల్లోనూ, మేస్త్రీల సంచుల్లోనూ కూడా చోటు సంపాదించాయి. 1715లో కోలెన్ క్యాంప్‌బెల్ ఇంగ్లండ్ భవనాల చిత్రపటాల తొలి సంపుటం వెలువరించడం, అదే దశాబ్దంలో పల్లాడియో గ్రంథం ఇంగ్లీషులోకి రావడం, ఆ తర్వాత లార్డ్ బర్లింగ్టన్ లండన్ దగ్గరి చిజిక్‌లో తన విల్లాను ఆ పద్ధతిలోనే కట్టించుకోవడంతో ఈ శైలి దేశమంతా అల్లుకుంది. పల్లాడియో లెక్కలో స్తంభం అడుగు వ్యాసమే మూలమానం. అయోనిక్ స్తంభమైతే దాని ఎత్తు ఆ వ్యాసానికి తొమ్మిదింతలు ఉండాలి. పైనున్న దూలపు వరుసలు, స్తంభానికీ స్తంభానికీ మధ్య ఎడం కూడా ఆ వ్యాసం నుంచే పుడతాయి. మన శిల్పులు తాళమానంతో విగ్రహం నిలువును భాగించే పద్ధతి తెలిసినవారికి ఇందులో కొత్తేమీ కనబడదు. గదులకు కూడా అతను ఏడు ఆకారాలను శ్రేష్ఠమని చెప్పాడు: వృత్తం, చతురస్రం, చతురస్రపు కర్ణాన్ని పొడవుగా గల దీర్ఘచతురస్రం, ఆ మీదట 3:4, 2:3, 3:5, 1:2 నిష్పత్తులు. ఈ పట్టిక పక్కన పెట్టుకుని ఏ జార్జియన్ ఇంటి ప్లాను చూసినా, గదులు ఎందుకంత ప్రశాంతంగా తోస్తాయో సగం అర్థమవుతుంది. మిగిలిన సగం పైకప్పు ఎత్తులో ఉంటుంది.

ముఖభాగంలో అంతస్తుల వరుస సైతం ఈ లెక్కనే పాటిస్తుంది. నేల మీది అంతస్తు పొట్టిది, గాడుల రాతితో బరువుగా కనబడుతుంది. దాని మీదిది ప్రధాన అంతస్తు. హాలు, భోజనశాల, అతిథుల గదులు అక్కడే ఉండటంతో కిటికీలు అన్నిటికన్నా పొడవుగా ఉంటాయి. అన్నిటికంటే పైన కిటికీలు మళ్లీ కురచబడి దాదాపు చతురస్రాలవుతాయి. ఏ అంతస్తులో ఎవరి మర్యాద ఎంతటిదో కిటికీ నిలువును చూసి చెప్పవచ్చు. ఈ మర్యాదల క్రమం మనకు నచ్చకపోవచ్చు గాని, కంటికి అందే తృప్తి మాత్రం అందులోంచే వస్తోంది. మూడు వరుసల కిటికీలూ ఒకే వెడల్పుతో ఒకదాని కింద ఒకటి సరిగ్గా నిలబడి, ఎత్తు ఒక్కటే మారుతూ ఉండటం వల్ల, గోడ మీద ఇంకే అలంకారమూ లేకపోయినా చూపు నిలుస్తుంది.

వ్యాసకర్త ‘జార్జియన్ శైలి’ అని ఏకవచనంలో రాశారు. మొదటి జార్జి సింహాసనమెక్కిన 1714 నుంచి నాలుగో జార్జి మరణించిన 1830 వరకు గల నూటపదహారేళ్లను ఒక్క శైలి కింద కట్టేయడం కుదరదు. బాజిల్డన్ ఒక్కదానిలోనే రెండు రుచులు కనబడతాయి. బయటి రూపం పల్లాడియో సంప్రదాయానిది. అది 1776 నాటికే కొంత పాతబడిన పద్ధతి. లోపలి గచ్చు (సున్నపు పూత) అలంకారం మాత్రం రాబర్ట్ ఆడమ్ అనే వాస్తుశిల్పి తెచ్చిన కొత్త ఒరవడిది. అగ్నిపర్వతం పూడ్చేసిన హెర్క్యులేనియం, పాంపే నగరాల తవ్వకాలు 1738, 1748లలో మొదలై రోమన్ల ఇళ్ల లోపలి అలంకారం ఎలా ఉండేదో బయటపెట్టాక, బరువైన చెక్కడాలకు బదులు పలచని తీగలు, పతకాలు, కలశాలు పైకప్పుల మీదికి వచ్చాయి. నడుమ మెట్ల హాలు, దాని చుట్టూ గదులు, తూర్పున తోట వైపు మధ్యలో ముందుకు ఉబికి వచ్చిన ఎనిమిది పలకల గది: ఇదీ కార్ వేసిన ప్లాను సారాంశం. ఆ గది మూడు కిటికీలూ థేమ్స్ లోయ వైపే తెరుచుకుంటాయి. సైక్స్ కాలంలో లోపలి పని పూర్తి కాలేదు. 1838లో ఇంటిని కొన్న జేమ్స్ మోరిసన్ అనే సంపన్న వస్త్ర వ్యాపారి, పాప్‌వర్త్ అనే వాస్తుశిల్పిని పెట్టుకుని దాన్ని పూర్తి చేయించాడు.

కిటికీల గురించి వ్యాసంలో ఉన్నది ఒక్క వాక్యమే, అదీ పొరపాటు. మూసివేసినట్టు కనబడే కిటికీలన్నీ కిటికీ పన్ను తప్పించుకోవడానికి ఇటుకతో పూడ్చినవేనని రాశారు. 1696లో విధించిన ఆ పన్ను 1851 వరకు నిజంగానే ఉండేది. దాని దెబ్బకు పూడ్చిన కిటికీలు కూడా ఉన్నాయి. కాని పెద్ద ఇళ్లలో అలా కనబడేవాటిలో చాలా వాటి వెనుక మొదటి నుంచీ గది వెలుతురుతో సంబంధమే లేదు. లోపల పొగగొట్టమో, అడ్డుగోడో వచ్చిన చోట కిటికీ పెట్టడం కుదరదు. అయినా బయటి వరుసలో ఖాళీ కనబడితే సమరూపత చెడుతుంది. అందుచేత గోడలో కిటికీ ఆకారపు గూడు మాత్రం కట్టి వదిలారు. లోపలికి వెళ్లి ఆ స్థానంలో ఎన్నడైనా తెరుపు ఉన్న గుర్తు ఉందో లేదో చూస్తే సంగతి తేలిపోతుంది. అది పన్నుల కథ కాదు, కొలత కథ.

అసలు కిటికీని దగ్గర నుంచి చూడాలి. పైకీ కిందికీ జరిగే రెండు రెక్కలు, ఒక్కో రెక్కకు మామూలుగా ఆరేసి గాజు పలకలు. రెక్కకు కట్టిన తాడు గిలక మీదుగా పోయి, గోడలో దాగిన చెక్క పెట్టెలో వేలాడే ఇనుప లేదా సీసపు గుండుకు ముడిపడి ఉంటుంది. రెక్క బరువూ గుండు బరువూ సరితూగినప్పుడు, ఎంత పెద్ద కిటికీ అయినా చిన్నపిల్లవాడి చేతికి కూడా లొంగుతుంది, ఎక్కడ వదిలితే అక్కడే నిలుస్తుంది. పలకల మధ్యనుండే చెక్క పట్టీలు శతాబ్దం మొదట్లో అంగుళానికి పైగా మందంగా ఉండి, శతాబ్దాంతానికి అర అంగుళం దాకా సన్నబడ్డాయి. కనుక పట్టీ మందాన్ని బట్టి కిటికీ వయసును ఉజ్జాయింపుగా చెప్పవచ్చు. నాటి గాజును ఊది, కడ్డీ చివర గిరగిరా తిప్పి, పళ్లెంలా పరిచి, ముక్కలుగా కోసేవారు. గాజు మీద సుంకం బరువును బట్టి వసూలు చేయడం కూడా ఆ పలచని గాజుకే కలిసివచ్చింది. ఆ పలక మీద పడిన ఆకాశం, చెట్లు కొద్దిగా వంపు తిరిగి కదులుతున్నట్టు కనబడతాయి. అలాంటి ముఖభాగంలో ఒక్క కిటికీకి నేటి చదును గాజు వేసి చూడండి, ఆ చోటు చచ్చుబడినట్టుంటుంది. 1845లో గాజు సుంకం ఎత్తేశాక పెద్ద పలకలు చవకయ్యాయి. విక్టోరియా కాలపు యజమానులు పాత పట్టీలు పీకేయించి పెద్ద పలకలు వేయించారు. పట్టీల ఆసరా పోయి, పెద్ద పలక బరువు మీద పడేసరికి కీళ్లు ఊడకుండా రెక్క మూలల్లో చిన్న చెక్క కొసలు మిగల్చవలసి వచ్చింది. ఆ కొసలు కనబడిన కిటికీ జార్జియన్ ఇంట్లో ఉన్నా జార్జియన్ కిటికీ కాదని దాదాపుగా తేల్చుకోవచ్చు.

గోడల విషయంలోనూ ఇంతే. బాజిల్డన్‌కు వాడినది బాత్ పట్టణ ప్రాంతంలో తవ్వే బాత్ రాయి. గుండ్రని సూక్ష్మ రేణువులతో ఏర్పడిన, తేనె రంగు సున్నపురాయి అది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇటుకలతో, చెకుముకి రాళ్లతో కట్టిన ఇళ్లే సహజం కనుక, పక్క సీమ నుంచి తెప్పించిన లేతరంగు రాయి యజమాని హోదాను వేరే చెప్పనవసరం లేకుండా చాటేది. అలాంటి రాతిని సున్నంతో కట్టారు. గోడలోకి దిగిన చెమ్మ సున్నపు సందుల ద్వారా బయటికి ఆరిపోతుంది. కాలక్రమంలో అరిగేది సున్నమే గాని రాయి కాదు. అరిగిన సున్నాన్ని మళ్లీ నింపుకోవచ్చు. సందులు గట్టిగా ఉంటాయని మంచి ఉద్దేశంతోనే సిమెంటు కూరిన చోట చెమ్మ రాతి గుండానే దారి వెతుక్కుంటుంది, చలికాలంలో అక్కడే గడ్డకడుతుంది, రాతి ముఖం పొరలు పొరలుగా రాలుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో ఇంగ్లండ్ పాత ఇళ్లకు జరిగిన నష్టంలో నిర్లక్ష్యం వాటా ఎంతో, ఇటువంటి మరమ్మతుల వాటా కూడా అంతే ఉంటుందని చెప్పడానికి నేను వెనుకాడను. పిట్టగోడ వెనుక కప్పును దాచడం మరో అందమైన చిక్కు. కింద నుంచి చూస్తే కప్పు కనబడదు, గోడ ఆకాశానికి తిన్నగా తెగుతుంది. కాని వాననీరంతా ఆ పిట్టగోడ వెనుక సీసపు రేకు పరిచిన కాలువలో పడాలి. ఆ కాలువలో ఎండుటాకులు పేరుకుంటే నీరు నేరుగా దూలాల కొసల్లోకి పోతుంది. జార్జియన్ ఇంటి ఆరోగ్యం తెలియాలంటే హాలులోకి కాక ముందు అక్కడికి ఎక్కాలి.

ముఖభాగమే ఇల్లు అనుకుంటే ఏమవుతుందో బాజిల్డన్ చరిత్రే చెబుతుంది. 1929లో మోరిసన్ కుటుంబం ఎస్టేటును అమ్మేశాక, ఆ తర్వాత ఇల్లు చేతికి వచ్చిన వ్యక్తి దాన్ని రాయి రాయిగా విప్పి అమెరికాకు తరలించి అక్కడ తిరిగి నిలబెట్టి ఇస్తానని పది లక్షల డాలర్లకు బేరం పెట్టాడు. బేరం కుదరలేదు గాని లోపలి సరుకుకు మాత్రం గిరాకీ వచ్చింది. భోజనశాల అలంకారమంతా న్యూయార్క్ వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్‌కు చేరి అక్కడ ‘బాజిల్డన్ రూమ్’ అయింది. తలుపులు, పొయ్యి చట్రాలు పోయాయి. దీన్ని ఆపే చట్టం ఆనాడు లేదు: 1913 నాటి పురాతన కట్టడాల చట్టం మనుషులు నివసించే ఇళ్లను తన పరిధి నుంచి తప్పించింది. రెండో ప్రపంచయుద్ధంలో ఇల్లు సైన్యం చేతుల్లో ఉంది. యుద్ధం ముగిసేసరికి ముఖభాగం చెక్కుచెదరలేదు. ఫొటో తీస్తే మీ అనుబంధంలో వచ్చినట్టే వచ్చేది. లోపల మాత్రం గోడలు బోసిపోయి ఉన్నాయి.

ఆ స్థితిలో 1950లలో దాన్ని కొన్నవారు ఇలిఫ్ ప్రభువు, ఆయన భార్య. పత్రికలు నడిపే కుటుంబం అది. ఈ మాట ఒక పత్రికా సంపాదకునికి రాస్తున్నాను కనుక ప్రస్తావిస్తున్నాను. పోయిన తలుపులకు నకళ్లు చేయించే బదులు, కూల్చివేత అంచున ఉన్న ఇతర భవనాల నుంచి ఆ కాలపు అసలు సామగ్రిని వెతికి తెచ్చారు. లింకన్‌షైర్‌లోని పాంటన్ హాల్‌ను 1770లలో పెంచి కట్టినవాడు కూడా జాన్ కారే. అక్కడి నుంచి తెచ్చిన మహాగని కర్ర తలుపులు బాజిల్డన్ ద్వారబంధాల్లో అతికినట్టు అమరాయి. రెండు వేర్వేరు సీమల్లో, వేర్వేరు వడ్రంగుల చేతుల్లో తయారైన పని ఇది. గుమ్మం వెడల్పుకు ఎత్తు ఎంత ఉండాలో, దాని చుట్టూ చట్రం ఎంత ఉండాలో కార్ ఒక్కసారి నిర్ణయించుకుని జీవితాంతం దాన్నే పాటించాడనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. వ్యాసకర్త స్తంభాల మీద ఖర్చుచేసిన విశేషణాల్లో కొన్ని ఈ తలుపులకు దక్కవలసింది. పాంటన్ హాల్ ఆ తర్వాత నేలమట్టమైంది. బాజిల్డన్‌ను 1978లో ఇలిఫ్ దంపతులు చారిత్రక స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థకు అప్పగించారు.

ఇప్పుడు లిస్టింగ్ మాట. ప్రస్తుతం ఇంగ్లండ్‌లో అమలులో ఉన్నది 1990 నాటి చట్టం. దాని వేళ్లు 1947 నాటి పట్టణ, గ్రామీణ ప్రణాళిక చట్టంలో ఉన్నాయి. హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ సలహా మీద సాంస్కృతిక శాఖ మంత్రి నిర్ణయం తీసుకుంటారు. జాబితాలో సుమారు నాలుగు లక్షల నమోదులున్నాయి. వాటిలో మొదటి శ్రేణివి రెండున్నర శాతం, ‘రెండో శ్రేణి నక్షత్రం’ అనేవి 5.8 శాతం, తక్కినవన్నీ రెండో శ్రేణివి. బాజిల్డన్ మొదటి శ్రేణిలో ఉంది. వ్యాసంలో చెప్పినట్టు ఈ శ్రేణులు ‘బయట మాత్రమే’, ‘బయటా లోపలా’ అన్న తేడాను సూచించవు. ఏ శ్రేణిలో ఉన్నా భవనమంతా జాబితాలో ఉన్నట్టే: వెనుక మెట్లు, పనివారి నడవా, పొయ్యి చట్రం, గచ్చు, గోడకు బిగించిన వస్తువు, 1948 జులై 1కి ముందు నుంచీ ఆవరణలో ఇంటికి అనుబంధంగా ఉన్న కట్టడం, అన్నీ. 1929 తర్వాత ఊడిపోయిన తలుపుల వంటివి నేడు యజమాని సొంత ఆస్తే అయినా అనుమతి లేకుండా ఊడదీస్తే నేరం. రెండేళ్ల దాకా జైలుశిక్ష, పరిమితి లేని జరిమానా విధించవచ్చు.

అలాగని మేకు కొట్టడానికి కూడా వీల్లేదన్న మాట వాస్తవం కాదు. ఇంటి విశిష్టతను దెబ్బతీసే మార్పులకు స్థానిక ప్రణాళికాధికారుల అనుమతి తీసుకోవాలి, అంతే. అదే సామగ్రితో, అదే పద్ధతిలో చేసే చిన్న మరమ్మతులకు సాధారణంగా అది అవసరం రాదు. పెద్ద మార్పులకు కూడా తగిన కారణం చూపితే ఎన్నో సందర్భాల్లో అనుమతి లభిస్తుంది. 1700 నుంచి 1840 వరకు గల భవనాల కోసం 1937లో ఏర్పడిన జార్జియన్ గ్రూప్ వంటి సంఘాలను, కూల్చివేతల విషయంలో అధికారులు సంప్రదించి తీరాలని నియమం ఉంది. వంటింటిని విశాలం చేసుకోవడానికి నెలల తరబడి కాగితాలు తిప్పవలసి వచ్చే యజమాని విసుగును నేను అర్థం చేసుకోగలను. అయినా, ఏమి పోతుందో ముందుగా కాగితం మీద చూపించమని అడగడం అన్యాయం కాదు.

ఆ పేజీలో పూర్తిగా కొరవడిన విషయం డబ్బు. సైక్స్ 1760లలో ముర్షిదాబాద్ నవాబు దర్బారులో కంపెనీ ప్రతినిధిగా (రెసిడెంటుగా) ఉండి ఐశ్వర్యవంతుడైనవాడు. బాత్ రాయికి, మహాగనికి, గచ్చు పనివారి కూలికి మూలం బెంగాల్. నేషనల్ ట్రస్ట్ 2020 సెప్టెంబరులో తన ఆధీనంలోని ఆస్తులకూ వలస పాలనకూ గల సంబంధాలపై వెలువరించిన నివేదికలో ఈ ఇంటిని కూడా చేర్చింది. దాని మీద ఇంగ్లండ్‌లో పెద్ద దుమారమే రేగింది. తెలుగు పాఠకులకు మరింత దగ్గరి ఉదాహరణ ఇదే కాలంలో, 1777లో మొదలుపెట్టి హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో కట్టిన వుడ్‌హాల్ పార్క్. దాని యజమాని సర్ థామస్ రంబోల్డ్ 1778 నుంచి 1780 వరకు మద్రాసు గవర్నరు. ఉత్తర సర్కారుల జమీందార్లను అంత దూరం నుంచి మద్రాసుకు రప్పించిన వ్యవహారం మీద పార్లమెంటు విచారణ ఎదుర్కొన్నవాడు. థామస్ లెవర్టన్ రూపకల్పన చేసిన ఆ ఇంట్లో ఇప్పుడు బడి నడుస్తోంది. కొలతల సొంపు చెప్పి సొమ్ము సంగతి విడిచిపెట్టడం గాని, సొమ్ము సంగతి చెప్పి కొలతలు చూడనని మొరాయించడం గాని వాస్తుశిల్పం గురించి రాసేవారికి తగదు. మీ వ్యాసమాలలో తర్వాతి భాగం ఉంటే ఈ రెండింటికీ చోటివ్వాలని మనవి.

ఆ భాగంలో పన్నుల సంగతి కూడా వస్తే బాగుంటుంది. ఈ ఇళ్ల భవిష్యత్తును ప్రస్తుతం అనుమతుల కంటే ఎక్కువగా నిర్ణయిస్తున్నది అదేనని నా నమ్మకం. ఇంగ్లండ్‌లో కొత్త ఇల్లు కట్టే పనికి విలువ ఆధారిత పన్ను సున్నా. పాత ఇంటి మరమ్మతుకు 20 శాతం. లిస్టెడ్ ఇళ్లలో అనుమతి పొందిన మార్పులకు 2012 సెప్టెంబరు వరకు సున్నా పన్ను ఉండేది గాని, మరమ్మతులకు ఆ రాయితీ అప్పుడు కూడా లేదు. అంటే పాత కిటికీని బాగుచేయించుకున్నవారు పన్ను కట్టారు, అనుమతి తెచ్చుకుని ఇంటి రూపు మార్చినవారు కట్టలేదు. 2012 అక్టోబరు 1 నుంచి ఆ తేడా పోయింది. కాని దాన్ని సరిచేసిన పద్ధతి మరమ్మతు మీద పన్ను తగ్గించడం కాదు, మార్పుల మీద కూడా 20 శాతం వేయడం. జాబితాలోని ఇళ్లలో అత్యధికం ట్రస్టుల చేతుల్లో లేవు, మామూలు యజమానుల చేతుల్లో ఉన్నాయి. సీసపు కాలువ కారుతున్నప్పుడు మేస్త్రిని ఈ ఏడాదే పిలవాలా, ఇంకో ఏడాది ఓపిక పట్టాలా అని వారు ఆలోచించేది ఆ అయిదో వంతు దగ్గరే. అలా వాయిదా వేసిన ఏడాదిలోనే దూలం కొస పుచ్చిపోతుంది.

ఇట్లు,
భవదీయుడు,
విశ్రాంత వాస్తుశిల్ప అధ్యాపకుడు